దామెర్ల బొమ్మ ముందు మా అమ్మాయి ప్రశ్న: “ఇందులో ఆధునికం ఏముంది నాన్నా?”

రేవుగట్టు | ఆదివారం, రాత్రి 9:40

పోయిన వారం రాజమండ్రి వెళ్ళినప్పుడు, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని గోదావరి స్టేషన్ దగ్గరున్న దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకుపోయాను. చిన్నప్పుడు మా నాన్నగారి చెయ్యి పట్టుకుని వెళ్ళిన చోటు అది. “ఆంధ్రదేశంలో ఆధునిక చిత్రకళకు ఇతనే ఆద్యుడురా” అని ఆయన ప్రతిసారీ చెప్పేవారు. ఇల్లు, పొలంతో పాటు మాటలు కూడా వారసత్వంగా వస్తాయేమో, నేనూ అక్షరం మార్చకుండా అదే మాట మా పిల్లతో అన్నాను.

అది ‘సిద్ధార్థ రాగోదయం’ ముందు నిలబడి చాలాసేపు చూసింది. “ఇందులో ఆధునికం ఏముంది నాన్నా? రాకుమారుడు, నగలు, పాతకాలం కథ. మోడరన్ ఆర్ట్ అంటే ముక్కు ఒక దిక్కున, కన్ను ఒక దిక్కున ఉండాలి కదా” అంది. దామెర్ల 1897లో పుట్టాడనీ, 1925లో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండా పోయాడనీ చెప్పాను. “అయితే తేదీని బట్టి ఆధునికమా? ఆ ఏడాది గీసిన గుడి బొమ్మలు కూడా ఆధునికమేనా?” అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. బయటకు వచ్చి చెరకురసం తాగాం. ఇక్కడ చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారని అడుగుతున్నాను. ఒక బొమ్మనో పద్యాన్నో ఆలోచననో ఆధునికం అని దేన్ని చూసి అంటాం?

పాతపుస్తకం | ఆదివారం, రాత్రి 10:25

మీ అమ్మాయికి నా ఆశీస్సులు. ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినా నన్ను ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు, పరీక్షలో రాదు కాబట్టి.

ముందు మాట సంగతి చూద్దాం. ‘అధునా’ అంటే ఇప్పుడు. అందులోంచి వచ్చింది ఆధునికం. అంటే ఆ మాట దేన్నీ వర్ణించదు, చూపుడువేలులా ‘ఇది ఇప్పటిది’ అని ఊరుకుంటుంది. తంటా అంతా అక్కడే ఉంది. ‘ఇప్పుడు’ ఒకచోట నిలబడదు. భావకవులు తమది నవ్య కవిత్వం అనుకున్నారు. 1925లో కృష్ణశాస్త్రి గారి ‘కృష్ణపక్షం’ వచ్చినప్పుడు కుర్రకారుకు అంతకంటే కొత్తది లేదు. పదేళ్ళు తిరిగేసరికి ఆ విరహమూ వెన్నెలా పాతబడిపోయాయి, శ్రీశ్రీ తరం వచ్చింది. 1965లో దిగంబర కవులొచ్చి, శ్రీశ్రీ తర్వాతంతా చద్దికూడేనన్నంత పని చేశారు. తమ పేర్లు మార్చుకోవడంతో ఆగలేదు, వారాలకూ ఋతువులకూ కొత్త పేర్లు పెట్టారు, ఏకంగా శకమే ప్రకటించారు. మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ సంపుటాలిప్పుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో అట్ట వేయించుకుని బుద్ధిగా కూర్చున్నాయి.

కాబట్టి తేదీ పనికిరాదన్న మీ అమ్మాయి మాట నిజమే. తేదీ కాకపోతే మరేమిటి అన్నదే అసలు చిక్కు.

అడ్డసవాలు | ఆదివారం, రాత్రి 11:02

చిక్కేమీ లేదు, ఒప్పుకోవడానికి మొహమాటం అంతే. ఆధునికం అంటే తెల్లవాడి ఓడలో దిగింది. అచ్చుయంత్రం, నవల, టికెట్టు పెట్టి ఆడే నాటకం, నూనె రంగులు, సంతకం పెట్టిన బొమ్మ. మన పూజగదుల్లో ఉన్న సరస్వతి ఎక్కడిది? రవివర్మ నూనె రంగులతో యూరపు పద్ధతిలో గీశాడు. 1894లో బొంబాయి దగ్గర పెట్టిన ఆయన ప్రెస్సులో జర్మనీ యంత్రాల మీద అచ్చయి ఇంటింటికీ చేరింది. దామెర్ల ఎక్కడ చదివాడు? బొంబాయి జె.జె. స్కూల్లో. ఆయన్ని గుర్తించి ప్రోత్సహించిందెవరు? రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర. లెక్క సరిపోయింది. మిగిలిందంతా మన ఆత్మగౌరవం కోసం అల్లుకున్న కబుర్లు.

సున్నపుగోడ | సోమవారం, ఉదయం 6:50

రాత్రి చదివి నిద్రపట్టలేదు. నేను బొమ్మలు వేసి బతికేవాణ్ణి కాబట్టి గోడ వైపు నుంచి మాట్లాడతాను.

అడ్డసవాలు గారి లెక్కలో ఒక అంకె తప్పింది. దామెర్ల బొంబాయి వెళ్ళి నూనె రంగులు, శరీర నిర్మాణం, వెలుగునీడలు అన్నీ నేర్చుకున్నాడు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు దించి ఉంటే, దొరల చిత్రపటాలు గీసి బాగా సంపాదించుకునేవాడు. ఆయన రాజమండ్రి తిరిగివచ్చి అజంతా గీతను పట్టుకున్నాడు. నీటి రంగు పలచగా పరిచి, నీడల్ని దాదాపు వదిలేసి, ఆకారాన్ని గీత మీద నిలబెట్టాడు. అయితే గీత లోపలి శరీరం మాత్రం బొంబాయిలో చూసి గీసినదే. భుజం తిరిగిన చోట, నడుము వంగిన చోట చూడండి, శిల్పశాస్త్రం కొలతలకు అవి లొంగవు. రెండు చదువులూ తెలిసి, ఏది ఎక్కడ ఉంచాలో తానే తేల్చుకున్న చెయ్యి అది. తాత వేసినట్టు వేసే చిత్రకారుడికి ఈ బాధ లేదు, అతనికి ముందున్నది ఒకటే దారి.

ఆ బొమ్మ పేరు కూడా చూడండి. సిద్ధార్థుడనగానే అందరికీ గుర్తొచ్చేది అర్ధరాత్రి ఇల్లు విడిచిపోవడం. ఈయన పట్టుకున్నది రాగోదయం, ప్రేమ పుట్టిన ఘడియ. కథ పాతదే, కథలో ఆయన ఆగిన చోటు వేరు.

ముక్కు ఒక దిక్కు, కన్ను ఒక దిక్కు సంగతి. పికాసో 1907లో పారిస్‌లోని ట్రొకడేరో మ్యూజియంలో ఆఫ్రికా ముసుగులు చూసి కదిలిపోయాడు. ఆ ఏడాదే ‘అవిన్యోన్ యువతులు’ పూర్తిచేశాడు. యూరపులో అందరికంటే ఆధునికుడు అనిపించుకున్నవాడికి ఆ తెగింపునిచ్చింది పేరు తెలియని ఆఫ్రికా వడ్రంగులు. వాళ్ళను మాత్రం ఎవరూ ఆధునికులు అనలేదు, ‘ఆదిమం’ అన్నారు. ఓడలు రెండు వైపులా నడిచాయి సార్.

అడ్డసవాలు | సోమవారం, ఉదయం 8:15

ఆఫ్రికా ముసుగుకు ‘ఆదిమం’ అని, దాన్ని చూసి గీసిన బొమ్మకు ‘ఆధునికం’ అని పేరు పెట్టిందెవరు? పారిస్ వాళ్ళే కదా. నేనన్నదీ అదే. పేరు పెట్టే హక్కు ఎవరిదో ఆధునికత వాళ్ళది.

(భుజం, నడుము సంగతి మాత్రం ఈసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు చూస్తాను. మాట ఇస్తున్నాను.)

మాత్రాగణం | సోమవారం, మధ్యాహ్నం 1:30

భోజనం వేళలో రాస్తున్నాను. బొమ్మల గురించి నాకు తెలియదు గానీ, రెండు చదువుల మాట వినగానే గురజాడ గుర్తొచ్చాడు. 1910లో వచ్చిన ‘ముత్యాల సరములు’లో ఒక పాదం అందరికీ నోటికొచ్చు. దాన్ని విరిచి చూడండి.

క్రొత్త | పాతల | మేలు | కలయిక

మూడు మాత్రలు (పలికే కాలానికి కొలత), నాలుగు, మళ్ళీ మూడు, నాలుగు. మాట విరిగిన చోటే గణమూ విరిగింది. మొదటి మూడు పాదాలకు పద్నాలుగేసి మాత్రలు, నాలుగోదాన్ని కాస్త కుదించి ఊపిరి తీసుకోనిస్తాడు. ఇది ఆయన కనిపెట్టిన నడకేమీ కాదు. మూడు, నాలుగు నడక వృషభగతి రగడ అనే పాత ఛందస్సులో ఉన్నదే, పల్లెల్లో ఆడవాళ్ళ పాటల్లోనూ ఉన్నదే. ఆయన చేసిందల్లా యతి ప్రాసల కట్టుగొయ్యల నుంచి దాన్ని విప్పి, ఇంట్లో భార్యతో మాట్లాడుకునే మాటలు దాని మీద ఎక్కించడం.

ఏం మాటలు? ఆ ఏడాది హేలీ తోకచుక్క వచ్చింది. అరిష్టమని లోకం వణికింది. ఆయన మాత్రం, ఇతను భూమికి దూరపు చుట్టం, దారిన పోతూ చూసి పోదామని వచ్చాడు అంటాడు. వాదం లేదు, ‘మూఢనమ్మకాలు మానండి’ అన్న ఉపన్యాసం లేదు. గ్రహగతుల శాస్త్రాన్ని తీసుకొచ్చి చుట్టరికంలో పెట్టాడు. తెలుగువాడికి చుట్టాన్ని చూసి భయపడడం కుదరదు కదా, మహా అయితే ఎన్నాళ్ళుంటాడోనని బెంగ. నేను చూసినంతలో మన భాషలో ఆధునికమైన ఆలోచన ఇంత తేలిగ్గా అడుగుపెట్టిన చోటు మరొకటి లేదు.

చలిదేశం | సోమవారం, రాత్రి 8:05

ఇక్కడ మంచు పడుతోంది, బయటకు పోయే పని లేదు, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

గురజాడ మాట వచ్చింది కాబట్టి గిరీశాన్ని పిలవకుండా ఎలా? ‘కన్యాశుల్కం’ చదివిన ప్రతిసారీ అనిపిస్తుంది, మన భాషలో ఆధునికత మీద మొదటి పెద్ద విమర్శ రాసింది మన మొదటి ఆధునికుడేనని. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, తిరగరాసిన కూర్పు 1909లో వచ్చింది. అప్పటికి ఇంగ్లీషు చదువు మన ఊళ్ళలో నిలదొక్కుకుంటున్నదే, అప్పుడే ఆయనకు గిరీశం కనిపించాడు! నోట్లో చుట్ట, నోటి నిండా ఇంగ్లీషు, విధవా వివాహం మీద ఉపన్యాసం, మనసులో మాత్రం బుచ్చమ్మ. తనతో మాట్లాడడమే పెద్ద చదువంటాడు. ఆధునికతను చొక్కాలా తొడుక్కున్నవాడు.

నాకు మరీ ఇష్టమైనది బండివాడి ముచ్చట. గిరీశం ప్రయాణంలో బండివాడికి గంటల తరబడి కాంగ్రెసు మహాసభ గురించి బోధిస్తాడు. అంతా విని వాడు అడిగేది ఒక్కటే: మా ఊరి హెడ్డు కానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేస్తారు? గిరీశానికి అది మొద్దుతనంలా కనిపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు చదువుతుంటే ఆ సన్నివేశంలో రాజకీయం తెలిసిన మనిషి బండివాడే అనిపిస్తోంది. రాజ్యమంటే తన నెత్తిమీద కూర్చున్నది ఎవరో వాడికి తెలుసు.

కాబట్టి కొత్త మాటలు పలికినంత మాత్రాన ఆధునికం కాదు, అది గురజాడే తేల్చేశాడు. ఇక్కడ భారతీయ సంఘాల సభల్లో నాలాంటి గిరీశాలను చాలామందిని చూస్తుంటాను. అద్దంలో కూడా.

కరివేపాకు | సోమవారం, రాత్రి 8:40

అందరూ గిరీశాన్నే పట్టుకుంటారు, సాని మధురవాణిని వదిలేస్తారు. మొదటి కూర్పులో ఆమెకు ఇంత చోటు లేదు. పన్నెండేళ్ళ తర్వాత తిరగరాసినప్పుడు గురజాడకు ఏదో తట్టింది. సానులను చూడనని ఒట్టు పెట్టుకున్న సంస్కర్త సౌజన్యారావు గారింటికి ఆమె మగవేషంలో వెళ్తుంది. కావలసిన రహస్యం చెబుతాను, బదులుగా ముద్దు ఇమ్మంటుంది. ఆ పెద్దమనిషి ఒట్టు ఎంత గట్టిదో, ఎంత గుల్లదో ఆ ఒక్క బేరంతో బయటపడుతుంది. వేషం మార్చింది ఆమె, పట్టుబడింది ఆయన. సంస్కరించేవాడి గదిలోకే వెళ్ళి, నన్ను బాగుచేస్తానంటున్నావు సరే, ముందు నీ మాటేమిటి అని సంస్కరింపబడవలసిన మనిషి అడగడం! ఆధునికం ఎక్కడుంది అని నన్నడిగితే ఆ గదిలో ఉందంటాను.

ఇంకో మాట. మొదటి ఆధునిక కథ 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ అని నేను కూడా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. బండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’లో వచ్చింది. మా పుస్తకంలో ఆమె పేరే లేదు. అడ్డసవాలు గారు అన్న పేరు పెట్టే హక్కు పారిస్‌లోనే కాదు, మన సిలబస్ కమిటీల్లో కూడా ఉంటుందన్నమాట.

పాతపుస్తకం | సోమవారం, రాత్రి 9:30

కరివేపాకు గారూ, ఆ పాఠం చెప్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తప్పు ఒప్పుకుంటున్నాను.

అడ్డసవాలు గారికి ఒక ప్రశ్న. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ రాశాడు. ఏ ఓడా రాలేదు, ఏ దొరా చెప్పలేదు. పురాణంలోంచి తీసుకోకుండా కథను తానే కల్పించాడు. బ్రహ్మ ఏకాంతంలో సరస్వతికి చెప్పిన కథే పాత్రల బతుకులుగా జరుగుతుంది. తాము ఎవరి కథలో ఉన్నామో పాత్రలు మెల్లమెల్లగా తెలుసుకుంటాయి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, నవల లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయని వాదించారు. దీన్నేమంటారు?

అడ్డసవాలు | సోమవారం, రాత్రి 9:52

గొప్ప పుస్తకం అంటాను. దాన్ని గొప్పదని నిరూపించడానికి ‘నవలలా ఉంది’ అనవలసి వచ్చిందే, దాన్ని ఓటమి అంటాను. నవల పుట్టకముందు పుట్టినదానికి నవల కొలబద్ద ఎందుకు? దొర కితాబు లేకపోతే సూరనకు విలువ లేదా?

పాతపుస్తకం | సోమవారం, రాత్రి 10:10

ఇది మాత్రం గట్టి దెబ్బే. రేపు ఆలోచిస్తాను.

పెద్దన్న (నిర్వాహకుడు) | మంగళవారం, ఉదయం 7:00

చర్చ చక్కగా సాగుతోంది. ఒక్క మనవి: రాత్రి ఒక సభ్యుడు ‘పూర్వం మనకు అన్నీ ఉన్నాయి, విమానాలతో సహా’ అని మొదలుపెట్టారు. ఆ వ్యాఖ్యను వేరే చోటికి మార్చాను. విమానాలు అక్కడ ఎగరవచ్చు.

కాళహస్తి కోడలు | మంగళవారం, మధ్యాహ్నం 3:20

మీరంతా పుస్తకాలు తెలిసినవాళ్ళు. నేను కలంకారి చేసే ఇంటికి కోడలిగా వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. మా పనికి ఎప్పుడూ ‘సంప్రదాయ కళ’ అనే చీటీ అంటిస్తారు, అందుకే రాయాలనిపించింది.

గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఆరబెడతాం. పాలు తగ్గితే రంగు పక్కకు పాకుతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు గీత వేస్తాం. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి నల్ల సిరా చేస్తాం, కసిం అంటాం. కుండలో చూస్తే అది నల్లగా ఉండదు, రంగు వెలిసిన కషాయంలా ఉంటుంది. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని నొక్కి, కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీస్తే కళ్ళముందే నల్లబడుతుంది. వచ్చిన కొత్తల్లో నేను అది చూడడానికే మా మామగారి పక్కన కూర్చునేదాన్ని.

ఇందులో ఏది పాత, ఏది కొత్త? ఈ పని మా ఊళ్ళో దాదాపు ఆగిపోయిన దశలో, 1950ల చివర కమలాదేవి ఛటోపాధ్యాయ గారి పట్టుదల వల్ల ప్రభుత్వం శిక్షణ కేంద్రం పెడితే మళ్ళీ లేచింది. అంతకుముందు గుళ్ళకు పెద్ద పెద్ద తెరలు. తర్వాత చీరలు, దుపట్టాలు, ఢిల్లీ ప్రదర్శనలు. అంటే మీరు వెయ్యేళ్ళ సంప్రదాయం అనుకుని కొనుక్కునే చీర ఆలోచన స్వతంత్రం వచ్చాక పుట్టింది. ఎవరో ఒకామె ఏసుక్రీస్తు కథ వెయ్యమని మామగారిని అడిగారు. ఆయన వేశారు. క్రీస్తుకు రాముడి కళ్ళే వచ్చాయి, సిలువ కింద నిలబడిన ఆడవాళ్ళకు సీతమ్మ కొప్పు వచ్చింది. చేతికి తెలిసినది అదే కదా. కొన్న ఆమె చాలా ఆధునికంగా ఉందన్నారట. మామగారు ఇంటికొచ్చి, “ఆధునికమంటే ఏమిటమ్మా, బాగుందనా, బాగులేదనా?” అని నన్నడిగారు.

నాకు కోపం వచ్చేది ఒక్కదానికే. రసాయన రంగులతో వేస్తే ‘సంప్రదాయం చెడగొట్టారు’ అంటారు. అసలు రంగులతో వేస్తే ‘ధర తగ్గించండి’ అంటారు.

చేర్యాల బస్సు | మంగళవారం, సాయంత్రం 5:45

అక్కా, మీ మాట చదివాక మా వైపు సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మాది చేర్యాల పక్క ఊరు. నకాషీ పటాలు తెలుసు కదా. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రటి నేల మీద బొమ్మలు వేస్తారు. ఒక్కో పటం చాప చుట్టలా ఉండేది, కొన్ని ముప్పై, నలభై అడుగులు. కథకులు ఊరూరా తిరిగి, పటాన్ని చెట్టుకో గుంజకో వేలాడదీసి, ఒక్కో సన్నివేశం విప్పుతూ రాత్రంతా పాడేవారు. కాకిపడగలవారు, పటంవారు అని వేరువేరుగా ఉండేవారు. ఏ కులం పురాణానికి ఆ కథకులే. బొమ్మ ఒంటరిగా ఉండేది కాదు, పక్కన గొంతు ఉండేది. చిరిగిపోయిన పటాన్ని దాచరు, ఏట్లో కలుపుతారని మా తాత చెప్పేవారు.

ఇప్పుడు ఆ నలభై అడుగుల్లోంచి ఒక్క సన్నివేశాన్ని కోసి అద్దం ఫ్రేములో పెట్టి అమ్ముతున్నారు. కింద చిత్రకారుడి సంతకం కూడా ఉంటుంది. సంతకం పెట్టడం మంచిదే, ఇన్నాళ్ళూ వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. కానీ మా మేనల్లుడి ఇంట్లో గోడ మీద ఒకటి ఉంది. ఇది ఏ కథలోదిరా అంటే తెలియదన్నాడు. “డిజైన్ బాగుందని కొన్నాను మామా.”

సంతకం, ఫ్రేము, గోడ, కథ తెలియని కొనుగోలుదారు. అడ్డసవాలు గారి జాబితాతో చూస్తే అది పక్కా ఆధునిక కళ. నాకెందుకో ఆ పేరు పెట్టడానికి నోరు రావడం లేదు.

సున్నపుగోడ | మంగళవారం, రాత్రి 9:15

మీ ఇద్దరి మాటలూ చదివి ఇందాకటి నుంచి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను.

ఆ పటాల నేల మీదే, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టినవాడు లక్ష్మాగౌడ్. హైదరాబాదులో చదివి బరోడా వెళ్ళాడు. అక్కడ గురువు కె.జి. సుబ్రహ్మణ్యన్. పల్లెబొమ్మ, బజారుబొమ్మ కూడా పాఠమేనని నమ్మిన మనిషి ఆయన. అక్కడ లక్ష్మాగౌడ్ చేతికి ఎచ్చింగ్ చిక్కింది. లోహపు పలకకు మైనపు పూత పూసి, సూదితో గీకి, ఆమ్లంలో ముంచాలి. సూది తగిలిన చోటనే ఆమ్లం తింటుంది. ఎంతసేపు ముంచితే అంత లోతు. తర్వాత సిరా రుద్ది, తుడిచి, ప్రెస్సులో తిప్పితే పలక మీద కుడివైపున్నది కాగితం మీద ఎడమవైపు వస్తుంది. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక పలకను ఆమ్లంలో మరిచిపోయి టీ తాగడానికి వెళ్ళాను. వచ్చేసరికి బొమ్మలో మేక లేదు, చిల్లు ఉంది.

ఇది మొత్తం యూరపు పనితనమే. దాంతో ఆయన గీసింది తాను పుట్టిన ఊరు: మేకలు, చెట్లు, గోచీ కట్టిన మగవాళ్ళు, దాపరికం లేని ఆడామగా కోరిక. నగరం వాళ్ళు ఊహించుకునే ముద్దొచ్చే పల్లె ఆ పలకల మీద దొరకదు. ఊరు విడిచిపోయినవాడికి మాత్రమే ఊరు అలా కనిపిస్తుందని నా అనుమానం. అక్కడే ఉండిపోయినవాడికి అది ఊరు కాదు, రోజూ ఉన్నదే.

చేర్యాల బస్సు గారూ, మీ మేనల్లుడు, లక్ష్మాగౌడ్ ఇద్దరూ ఊరు విడిచిపోయినవాళ్ళే. ఒకరు గోడకు ఏం తగిలించుకున్నారో, ఇంకొకరు పలక మీద ఏం గీకారో పక్కపక్కన పెట్టి చూడండి.

మాత్రాగణం | బుధవారం, ఉదయం 10:00

కవిత్వం వైపు ఒక తగాదా మిగిలింది. ఛందస్సు పోతే ఆధునికం, ఉంటే పాత అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. పఠాభి 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ తెచ్చాడు. పద్యాల నడుము విరగ్గొడతానన్నాడు, చిన్నయసూరి వ్యాకరణాన్ని దండిస్తానన్నాడు. సరదాగా ఉంటుంది, పదేళ్ళకోసారి తీసి చదువుతాను. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ అయితే అడుగు వేసి చూడండి, చాలా చోట్ల తాళం తప్పదు. ఛందస్సు మారిందే గాని పోలేదు.

నల్లరేగడి | బుధవారం, ఉదయం 11:35

మూడు రోజులుగా చదువుతున్నాను. ఒక్కరైనా జాషువా పేరు తెస్తారేమోనని ఎదురుచూశాను. తేలేదు. అందుకే రాస్తున్నాను.

‘గబ్బిలం’ 1941. పఠాభి పుస్తకం తర్వాత రెండేళ్ళకు. ఒక్క పద్యం నడుము కూడా విరగలేదు. పాత వృత్తాలే, యతి ప్రాసలు కొలిచి పెట్టినట్టే ఉంటాయి. ఎత్తుగడ కూడా పాతదే, కాళిదాసు మేఘసందేశం. యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపాడు. ఇక్కడ కబురు పంపేది అంటరానివాడు. పంపేది ప్రియురాలికి కాదు, కాశీ విశ్వేశ్వరుడికి. ఎవరితో పంపుతాడు? గబ్బిలంతో. ఎందుకంటే గుడిలోకి ఇతను పోలేడు, గబ్బిలానికి అడ్డులేదు. అపశకునం పక్షి అని లోకం తరిమేదానికి గర్భగుడి చూరులో చోటుంది, మనిషికి గడప దగ్గర కూడా లేదు.

మా నాయన బడిపంతులు. ఆ పద్యాలు రాగం తీసి చదివేవాడు. వినడానికి వచ్చిన పెద్దలు “ఎంత ధార!” అని మెచ్చుకునేవాళ్ళు. ధారను మెచ్చుకుని, అర్థం వంక చూడకుండా లేచిపోయేవాళ్ళు. మా నాయన పుస్తకం మూసి కాసేపు ఊరుకుని, “పద్యం కాబట్టి విన్నారు, వచనం అయితే అరుగు మీద కూర్చోనిచ్చేవాళ్ళా?” అనేవాడు. ఛందస్సు వదలడం సరదా అయినవాళ్ళకు వదలడం తేలిక. దాన్ని మీకు రాదు పొండి అని తరిమినవాళ్ళు చేజిక్కించుకుని వాడారంటే ఆ కథ వేరు. మీ తూకంలో పఠాభి ఒక పళ్ళెంలో, జాషువా ఒక పళ్ళెంలో పెట్టి చూసి చెప్పండి.

అడ్డసవాలు | బుధవారం, మధ్యాహ్నం 12:20

నల్లరేగడి గారూ, నా ఓడ వాదన ఇక్కడ మునిగింది. ఆ గబ్బిలం ఏ ఓడలోనూ రాలేదు. అచ్చుయంత్రం, బడి, మిషనరీలు అంటూ ఇంకా పట్టుకు వేలాడవచ్చు గానీ వేలాడను.

పాతపుస్తకం | బుధవారం, మధ్యాహ్నం 2:45

“ఎంత ధార” అని లేచిపోయిన పెద్దల్లో మావాళ్ళు కూడా ఉండే ఉంటారు. నేను తరగతిలో ‘గబ్బిలం’ చెప్పినప్పుడు కూడా అలంకారాలు ముందు చెప్పి, సమయం మిగిలితే విషయం చెప్పేవాణ్ణి. తరచుగా సమయం మిగిలేది కాదు.

సూరన గురించి ఆలోచించాను. అడ్డసవాలు గారు గెలిచారు. ఇకమీదట నవలను పొగడాలనిపిస్తే ‘కళాపూర్ణోదయంలా ఉంది’ అంటాను.

కరివేపాకు | బుధవారం, రాత్రి 8:30

ఈ చర్చావేదికలో అడ్డసవాలు గారు ఓడిపోవడం ఇదే మొదటిసారి. తేదీ రాసిపెట్టుకోండి. మీ శకం ఇవాళ్టి నుంచి మొదలు.

రేవుగట్టు | బుధవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా భోజనాల దగ్గర ఇదంతా అమ్మాయికి చదివి వినిపిస్తున్నాను. గబ్బిలం దగ్గర తినడం ఆపేసింది. “మరి అది కబురు చెప్పిందా?” అని అడిగింది. నాకు పద్యాలు అంతగా రావు, పుస్తకం తెప్పించి ఇద్దరం కలిసి చదువుతామని చెప్పాను.

దామెర్ల బొమ్మ సంగతి కూడా అడిగాను. “పేరు ముందే అర్థమై ఉంటే ఆ ప్రశ్న వేసేదాన్ని కాదు. రాగోదయం అంటే సంగీతం అనుకున్నాను” అంది. నాలుగో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలో వేసింది నేనే, ఏమంటాను.

సున్నపుగోడ గారూ, నిన్నటి నుంచి అది పాత స్టీలు పళ్ళెం ఒకటి తీసుకుని, కొవ్వొత్తి కరిగించి పూసి, గుండుసూదితో మేకను గీస్తోంది. ఆమ్లం కావాలంటోంది. ఇంట్లో నిమ్మకాయలు, మరుగుదొడ్డి కడిగే ద్రావకం తప్ప ఏమీ లేవు, ద్రావకం సీసాను నేను అటక మీద దాచాను. నిమ్మరసంతో పని అవుతుందా?

సున్నపుగోడ | బుధవారం, రాత్రి 10:22

అవదు. ఆ సీసాను అటక మీదే ఉంచండి. ఆదివారం పిల్లను మా గదికి తీసుకురండి, రాగి పలక నేనిస్తాను. టీ మాత్రం ముందే తాగి రావాలి.